సంక్రాంతి హడావుడిలో మనసు పండగ దగ్గరే ఉండాలంటే

సెలవులయ్యాక ఆఫీసులో ‘పండగ బాగా జరిగిందా?’ అని ఎవర్నైనా అడిగి చూడండి. ‘ఏం పండగలెండి, వెళ్ళడం రావడంతోనే సరిపోయింది’ అంటారు. భోగి రోజున మర్నాటి వంటల ఆలోచన, సంక్రాంతి రోజున కనుమకి రాబోయే చుట్టాల ఆలోచన, కనుమ రోజున తిరుగు ప్రయాణం బెంగ. ఒళ్ళు ఊళ్ళోనే ఉంటుంది, మనసు మాత్రం ఎప్పుడూ ఒక రోజు ముందే పరిగెడుతుంటుంది. నెల రోజులు ఎదురుచూసిన పండగ అలా చేతికందకుండా జారిపోతుంది.

ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్న సాధన సరిగ్గా ఇలాంటిచోట పనికొస్తుంది. చెప్పుకోవడానికి చాలా చిన్న సంగతి. చేస్తున్న పని మీద, ఒంట్లోనూ మనసులోనూ ఇప్పుడు జరుగుతున్నదాని మీద ధ్యాస పెట్టాలి. ధ్యాస జారిపోయిందని తెలియగానే మనల్ని మనం తిట్టుకోకుండా దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలి. దీని మూలాలు బౌద్ధంలో ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మీద పుట్టినవాళ్ళకి ఇది పరాయి సరుకేమీ కాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీన్ని దీర్ఘకాలపు నొప్పులు, ఒత్తిడి ఉన్న రోగుల కోసం ఒక కోర్సుగా మలిచారు. అలా ఆసుపత్రుల్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి ఫోన్ యాప్‌ల దాకా పాకింది.

అయితే ఒక మాట ముందే అనుకోవాలి. పొయ్యి దగ్గర ఒక్కతే నిలబడి మూడు కిలోల పిండికి అరిసెలు వండుతున్న మనిషితో ‘కాస్త ఊపిరి మీద ధ్యాస పెట్టు, టెన్షన్ తగ్గుతుంది’ అనడం కన్నా పక్కన కూర్చుని నాలుగు అరిసెలు వత్తిపెట్టడం మంచిది. మోయలేనంత పని నెత్తిన పెట్టి దాన్ని ప్రశాంతంగా మొయ్యమనడానికి ఈ సాధన పుట్టలేదు. అందుకే మొదటి మెట్టు ధ్యానం కాదు, చిట్టా.

ముందుగా పనుల చిట్టా రాసి, సగం కొట్టేయండి

పండక్కి రెండు మూడు వారాల ముందే ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒక కాగితం తీసుకోండి. పండగకి చేయాలనుకుంటున్నవన్నీ రాయండి: ఇల్లు దులపడం, బట్టలు కొనడం, పిండివంటలు, బొమ్మల కొలువు, పిల్లలకి భోగిపళ్ళు, అల్లుడికి మర్యాదలు, ఎవరెవరి ఇళ్ళకి వెళ్ళాలో ఆ లెక్క. ఆ తర్వాత ఒక్కొక్కర్నీ అడగండి: ‘వీటిల్లో ఏది లేకపోతే నీకు పండగ అనిపించదు?’ జవాబులు మీరనుకున్నట్టు ఉండవు. పిల్లలు భోగిమంట అంటారు. తాతగారు మధ్యాహ్నం అందరూ ఒక్క పంక్తిలో కూర్చుని తినాలంటారు. ఎనిమిది రకాల పిండివంటలు ఉండాలని మాత్రం ఎవరూ అనరు.

ఎవరూ కోరనివి కొట్టేయండి. కొన్ని బయట కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. మిగిలిన ప్రతి పనికీ పక్కన ఒక పేరు రాయండి. అన్నిటి పక్కనా ఒకే పేరు పడితే, ఆ పేరు ఎవరిదో మీకు తెలుసు, కాగితం మళ్ళీ రాయాలి. కొబ్బరి తురమడం, నువ్వులు వేయించడం, పిండి జల్లించడం, అంట్లు తోమడం మగవాళ్ళూ చేయగలిగే పనులే. టీవీ ముందు కూర్చుని ‘ఇంకో గ్లాసు టీ’ అని కేకేసేవాళ్ళు ఒకళ్ళు తగ్గితే వంటింట్లో సగం టెన్షన్ తగ్గుతుంది. ఇది ఏ యాప్‌లోనూ దొరకని సాధన.

ధనుర్మాసంలోనే ఐదు నిమిషాలు అలవాటు చేసుకోండి

భోగి రోజున మొదలుపెడితే ఏదీ కుదరదు. డిసెంబరు నడుమ, 16వ తేదీ ప్రాంతంలో, నెలగంట పెడతారు. అక్కణ్ణుంచి భోగి దాకా దాదాపు నెల రోజులు దొరుకుతాయి. గుళ్ళో రోజుకో పాశురం చొప్పున తిరుప్పావై వినిపించే కాలం అది. అసలే పొద్దున్నే లేచే నెల కాబట్టి అందులో ఐదు నిమిషాలు పక్కన పెట్టడం కష్టం కాదు.

లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, మంచం అంచునో కుర్చీలోనో కూర్చోండి. పాదాలు నేలకి ఆనాలి, వెన్ను బిగపట్టకుండా నిటారుగా ఉండాలి. కళ్ళు మూసుకోవచ్చు, లేదంటే నేల మీద ఒకచోట చూపు నిలపవచ్చు. ఊపిరిని మార్చడానికి ప్రయత్నించకండి. ముక్కు కొస దగ్గర చల్లగాలి లోపలికి పోవడం, కాస్త వెచ్చగా బయటికి రావడం గమనించండి. మార్గశిరం, పుష్యం చలిలో ఈ తేడా వేసవి కన్నా బాగా తెలుస్తుంది.

రెండు మూడు ఊపిర్లకే మనసు ఎటో పోతుంది. గ్యాస్ బుక్ చేశానా, పెద్దాడికి ప్యాంటు సరిపోతుందా, పోయిన ఏడు మరిది అన్న మాట. పోనివ్వండి. పోయిందని గమనించారు చూడండి, సాధన అంటే ఆ క్షణమే. మనసులో ‘ఆలోచన’ అని ఒక్కసారి అనుకుని మళ్ళీ ముక్కు కొసకి రండి. ఐదు నిమిషాల్లో ఇరవైసార్లు పోయినా సరే, ఇరవైసార్లు వెనక్కి వచ్చినట్టే కదా. ‘నాకు ఏకాగ్రత లేదండీ, ఇది నావల్ల కాదు’ అని రెండో రోజే మానేసేవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. మనసు కదలకుండా ఉండటం లక్ష్యం కాదు.

చిన్నపిల్లల తల్లులకి ఈ ఐదు నిమిషాలు కూడా దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు రోజూ తప్పకుండా చేసే ఒక్క పని ఎంచుకోండి, పాలు కాచడమో, పళ్ళు తోముకోవడమో. ఆ కాసేపూ ఆ పనిలోనే ఉండండి, అదీ సాధనే.

ప్రయాణం: టికెట్టు సంగతి ముందు, ఊపిరి సంగతి తర్వాత

ప్రయాణంలో కలిగే చిరాకులో ఎక్కువ భాగం ముందుచూపుతో తగ్గించగలిగేదే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. 2024 నవంబరు 1కి ముందు అది 120 రోజులుండేది. అంటే జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున్నే టికెట్ తీయాలి. అది తప్పితే ముందురోజు తత్కాల్, ఏసీకి ఉదయం 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి. కారులో వెళ్ళేవాళ్ళు ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజు రాత్రే చూసుకోండి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పండగ ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఎంత బారు ఉంటుందో వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. ఆ బారులో బ్యాలెన్స్ లేని కారు మనదైతే ఏ ధ్యానమూ కాపాడదు.

అన్నీ సరిగ్గా చూసుకున్నా జామ్‌లో ఇరుక్కుంటాం. అప్పుడు డ్రైవింగ్ చేస్తున్నవాళ్ళు కళ్ళు తెరిచే, రోడ్డు మీద చూపుతోనే చేయాల్సిందొకటి ఉంది. స్టీరింగ్‌ని వేళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నాయో గమనించండి. పళ్ళు బిగుసుకుని ఉన్నాయా? భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయా? ఒక్కొక్కటే వదులు చేయండి. ఊపిరి లోపలికి తీసుకున్న దానికన్నా నిదానంగా బయటికి వదలండి, మూడుసార్లు చాలు. ముందు కారు కదలదు, నిజమే. కానీ పక్క సీటులో ఉన్న మనిషి మీద అరిచే అవసరం చాలావరకు పోతుంది. వెనక సీటులో పిల్లలు ‘ఇంకెంతసేపు నాన్నా’ అని అడుగుతుంటే కిటికీలోంచి కనిపించే ఐదు రంగులు చెప్పమనండి, వినిపించే మూడు చప్పుళ్ళు చెప్పమనండి. వాళ్ళకది ఆట, మీకు కాసేపు విశ్రాంతి.

పిండివంటల దగ్గర

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. సంక్రాంతి పిండివంటలకి ధ్యాస ఎలాగూ కావాలి, వేరే సాధన వెతుక్కోనక్కర్లేదు.

అరిసెలే తీసుకోండి. బియ్యం ముందురోజే నానబోసి, నీళ్ళు వంచి, తడి ఆరిపోకముందే పిండి పట్టించి, జల్లించి, గాలి తగలకుండా నొక్కి మూతపెట్టి ఉంచుతాం. బెల్లం పాకం పొయ్యి మీదికి ఎక్కిన దగ్గర్నుంచి కళ్ళు, ముక్కు, చెయ్యి మూడూ అక్కడే ఉండాలి. మొదట పెద్ద పెద్ద బుడగలతో పల్చగా పొంగుతుంది. తర్వాత బుడగలు చిన్నవై, చిక్కబడి, గరిటె తిప్పుతుంటే చేతికి బరువు తెలుస్తుంది. పచ్చి బెల్లం వాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి ఒక చుక్క పాకం వేసి వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. ఉండ కట్టకపోతే అరిసె నూనెలో విడిపోతుంది. ఉండ గట్టిపడేదాకా ఉంచితే అరిసె రాయవుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో ఫోన్ మోగి ‘ఆ చెప్పు వదినా’ అన్నామా, పాకం ముదిరిపోయినట్టే. మన అమ్మమ్మలు పాకం చూసేటప్పుడు ఎవర్నీ పలకరించనిచ్చేవాళ్ళు కాదంటే, అందులో ఉన్న విషయం ఇదే.

ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట ధ్యాస నిలుపుకోండి. పాకం దగ్గరున్నవాళ్ళు నురగ మీద. చలిమిడి వత్తుతున్నవాళ్ళు వేళ్ళ మీద: నూనె రాసిన ఆకు మీద ఉండ పరుచుకోవడం, అంచు పగిలితే వేలితో సర్దడం, అద్దిన నువ్వులు చర్మానికి గరుగ్గా తగలడం. వేయించేవాళ్ళు చప్పుడు మీద: పచ్చి అరిసె పడగానే చుర్రుమన్న నూనె, తడి ఆరేకొద్దీ సన్నబడుతుంది. రెండు అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కితే కారే నూనె, లేచే ఆవిరి. మనసు పోతుంది. పోయినప్పుడల్లా వచ్చి కూర్చోవడానికి ఒక చోటుంటే చాలు. కాగే నూనె దగ్గర ఇలా ఉండటంలో ఇంకో లాభం, చేతులు కాలవు.

తెలంగాణ ఇళ్ళల్లో సకినాలది ఇంకా చక్కటి పద్ధతి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తడి బట్ట పరిచి, దాని మీద పిండిని వేళ్ళతో మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా అల్లుతారు. ఒకరి ఇంట్లో సకినాలంటే వాడకట్టు ఆడవాళ్ళంతా చేయి వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తిప్పు కుదరదు, పిండి తెగిపోతుంది. పక్కనున్న పెద్దావిడ చేతినే చూస్తూ ఒక పది చుట్టండి. ఎన్ని చెడిపోయినా ఫరవాలేదు, వంకర సకినం కూడా అదే రుచి.

వంట జరుగుతుంటే గంటకోసారి పొయ్యి తగ్గించి, నిలబడినచోటే పాదాల అడుగున నేల తగలడం గమనించండి. నడుము నొప్పి పెడుతోందని అప్పుడే తెలుస్తుంది. తెలిశాక కూర్చోండి, పని ఇంకొకరికివ్వండి. నొప్పిని ‘ప్రశాంతంగా భరించడం’ మంచి సలహా కాదు.

ముగ్గు

పొద్దున్నే కళ్ళాపి చల్లి, ముగ్గుపిండి చిటికెల్లోంచి జారుతుంటే చుక్కలు పెట్టే ఆ పావుగంట మీ సొంతం. 15 చుక్కలు, సందుచుక్క 8 వరకు వచ్చే ముగ్గు వేస్తుంటే లెక్క తప్పకూడదు, మెలిక ఎటు తిరగాలో మరిచిపోకూడదు. మనసు వంటింట్లోకి పోయిందో లేదో ముగ్గే చెప్పేస్తుంది. చుక్క దాటిపోయిన గీతని చెరిపి మళ్ళీ వేయడంలో సిగ్గేమీ లేదు. పక్కింటివాళ్ళ ముగ్గు ఎన్ని రంగులో చూసుకుంటూ వేస్తే మాత్రం ఆ ఆనందం సగం పోతుంది. పోటీకి వేస్తే అది వేరే సంగతి.

భోగి పొద్దున, రేగిపండు సాయంత్రం

భోగిమంట దగ్గర ఒకటే నియమం పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు ఎవరూ ఫోన్ తీయకూడదు. పిల్లలు పిడకల దండలు మంటలో వేస్తుంటారు, ఎండుకర్ర చిటపటమంటుంది, ముఖం మీద వేడి, వీపు మీద చలి. ఆ రెండూ ఒకేసారి తెలియడం భోగిమంట దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. ఒకసారి ముఖం వైపు ధ్యాస, ఒకసారి వీపు వైపు ధ్యాస, అలా మార్చుకుంటూ నిలబడండి. పది నిమిషాల తర్వాత ఎన్ని ఫోటోలైనా తీసుకోండి, మంట అప్పటికీ ఉంటుంది. మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయనివ్వకండి, ఆ పొగ పీల్చే ధ్యాస ఎవరికీ అక్కర్లేదు.

తర్వాత తలంటు. మాడు మీద నువ్వులనూనె పెట్టి అమ్మో అమ్మమ్మో అరచేత్తో తట్టే అవకాశం ఇంకా ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. త్వరగా కానిమ్మని తొందరపెట్టకండి. కళ్ళల్లో కుంకుడు పులుసు పడ్డాక ఎవరికైనా ధ్యాస అక్కడే ఉంటుంది, అది నేర్పనక్కర్లేదు.

సాయంత్రం పిల్లలకి భోగిపళ్ళు పోస్తాం: రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు. పోసేశాక పెద్దవాళ్ళంతా ఒక్కో రేగిపండు చేతిలోకి తీసుకోండి. కబట్-జిన్ కోర్సు మొదటి క్లాసులో ఒక్క ఎండుద్రాక్షని నిదానంగా తినిపిస్తారు. మనకి ఆ పనికి రేగిపండు ఇంకా బాగా పనికొస్తుంది. ముందు చూడండి, ఒకవైపు పచ్చగా, ఒకవైపు ఎర్రగా, తొడిమ దగ్గర చిన్న గుంట. పురుగు పుచ్చు ఉందేమో చూసుకోవడం కూడా ఇందులో భాగమే, నవ్వుకోండి గానీ చూసుకోండి. వాసన చూడండి. నాలుక మీద పెట్టి వెంటనే కొరకకండి. నోట్లో నీళ్ళూరడం తెలుస్తుంది. ఇప్పుడు కొరకండి. మొదట పులుపు, వెనకే తీపి, చివర్న గింజ చుట్టూ జిగురుగా మిగిలే వగరు. ఒక్క పండుకి రెండు నిమిషాలు పడుతుంది. రోజంతా గుప్పెళ్ళతో తిన్నా తెలియని రుచి అది. ఐదేళ్ళలోపు పిల్లలకి మాత్రం గింజ తీసే పెట్టండి, గొంతుకి అడ్డం పడుతుంది.

చుట్టాల ప్రశ్నలు

పండగ మజా పోయేది సాధారణంగా ఇక్కడే. ‘ఏరా, ఈ ఏడైనా పప్పన్నం పెడతావా?’ ‘ఏమ్మా, ఇంకా విశేషం ఏమీ లేదా?’ ‘ప్యాకేజీ ఎంత బాబూ?’ ‘పిల్లాడికి ర్యాంకు ఎంతొచ్చింది?’ అడిగేవాళ్ళల్లో అందరూ గుచ్చడానికి అడగరు. చాలామందికి మాట కలపడానికి వేరే మాట తెలియదు, అంతే. కానీ వినేవాళ్ళకి కడుపులో ముడి పడుతుంది.

ఆ ముడి పడిన క్షణాన్నే పట్టుకోండి. ఒంట్లో ఎక్కడ బిగిసిందో చూడండి: గొంతు దగ్గరా, ఛాతీలోనా? ఒక్క ఊపిరి పూర్తిగా వదలండి. ఆ ఒక్క ఊపిరి వ్యవధిలో నోటికి వచ్చిన మొదటి మాట వెనక్కి పోతుంది, రెండో మాట దొరుకుతుంది. ‘పెడితే మొదటి పిలుపు నీకే పెద్దమ్మా. అది సరేగానీ, నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?’ అనొచ్చు. ఆవిడకి కావలసింది కూడా చాలాసార్లు ఆ రెండో ప్రశ్నే.

కొన్ని ప్రశ్నలు నవ్వి తోసేయగలిగేవి కావు. పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళకి ‘విశేషం’ అన్న మాటే ముల్లు. వాళ్ళు నవ్వాల్సిన పని లేదు. ‘ఆ సంగతి వద్దత్తయ్యా, ఇప్పుడు మాట్లాడలేను’ అని నెమ్మదిగా, స్పష్టంగా అని లేచి బయటికి వెళ్ళొచ్చు. భార్యాభర్తలు ముందే అనుకుని ఉంటే ఇంకా మంచిది, ఇద్దరిలో ఒకరు మాట అందుకుని దారి మళ్ళించవచ్చు. మీరే అడిగే వయసుకి వచ్చినవాళ్ళైతే, ఆ నాలుగు ప్రశ్నలూ ఈ ఏడాది మానేసి ‘ఈమధ్య నీకు బాగా నచ్చిన పనేంటి?’ అని అడిగి చూడండి. ఎదుటి మనిషి ముఖం మారుతుంది.

వినడం కూడా సాధనే. తాతగారు దివిసీమ ఉప్పెన సంగతి, 1977 నవంబరులో తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి సంగతి, పోయిన ఏడు చెప్పిందే మళ్ళీ చెబుతారు. ‘ఇది విన్నాం తాతా’ అనకుండా ఈసారి ఆయన చేతుల్ని, గొంతుని గమనిస్తూ వినండి. పోయినసారి చెప్పని ముక్క ఏదో ఒకటి దొర్లుతుంది.

పెద్దలకి బట్టలు పెట్టే రోజు

సంక్రాంతి రోజున పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి పెట్టే ఇళ్ళు మనకి చాలా ఉన్నాయి. నాన్నగారు పోయాక వచ్చే మొదటి సంక్రాంతికి కొందరిళ్ళల్లో అసలు పండగే ఉండదు. ఏడుపు వస్తుంది. ‘పండగపూట ఏడవకూడదు’ అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. ఫోటో ముందు ఐదు నిమిషాలు కూర్చుని, వస్తున్నది దుఃఖమని మనసులో ఒప్పుకుని, దాన్ని తొయ్యకుండా, పెంచకుండా ఉండనివ్వడం మంచిది. తర్వాత పిల్లల్ని పిలిచి ఆయన గురించి ఒక్క సంగతి చెప్పండి, నవ్వొచ్చేదైతే మరీ మంచిది.

కళ్ళు మూసుకుంటే భయం, గుండెదడ ఎక్కువయ్యేవాళ్ళు కళ్ళు తెరిచి, కాళ్ళ కింద నేల మీదే ధ్యాస పెట్టాలి. అది కూడా కష్టమైతే సాధన ఆపేయండి. దిగులు వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి పోతుంటే దీనికి ఊపిరి ధ్యాస సరిపోదు. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ-మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఫోన్

ఫోన్ పూర్తిగా కట్టేయమని చెప్పను, జరిగే పని కాదు. ఇవి చేయండి చాలు. ఫ్యామిలీ గ్రూపుల్ని మూడు రోజులు మ్యూట్‌లో పెట్టండి, శుభాకాంక్షల బొమ్మలన్నిటికీ రాత్రి ఒకేసారి జవాబివ్వండి. ఫోటోలకి పూటకొకర్ని నియమించండి, మిగతావాళ్ళు ఫోన్లు దాచేయండి. భోజనాల దగ్గర ఫోన్లన్నీ ఒక గంపలో పడేయండి. గంపలో చెయ్యి పెట్టిన మొదటి మనిషి అంట్లు తోమాలని పందెం వేస్తే నియమం దానంతటదే నిలబడుతుంది.

కనుమ

‘కనుమ నాడు కాకైనా కదలదు’ అని సామెత ఉండగానే జనం కనుమ మధ్యాహ్నానికే బస్టాండుల్లో నిలబడుతున్నారు. వీలుంటే ఆ ఒక్క పూట ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు, చాలా ఇళ్ళల్లో వాటి పక్కన నాటుకోడి పులుసు. మొదటి మూడు ముద్దలు మాట్లాడకుండా తినండి: పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో పంటికింద పడ్డ మిరియం. కడుపు నిండిందన్న సంకేతం ఆలస్యంగా వస్తుంది కాబట్టి నాలుగో గారెకి ముందు కాసేపు ఆగండి. ‘ఇంకొక్కటి వేసుకో’ అని వదిన మీద పడుతుంటే ‘రాత్రికి దాచు వదినా, అప్పుడు తింటా’ అనండి. వద్దంటే ఊరుకోని మనిషి దాచమంటే ఊరుకుంటుంది.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఆకాశమంతా గాలిపటాలు. మేడ ఎక్కి దారం చేతికిచ్చే లాగుడు గమనిస్తూ ఎగరేయండి. చైనా మాంజా మాత్రం వద్దు, 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, మనుషుల మెడలూ పిట్టల రెక్కలూ తెగుతున్నాయి.

ఊరు వెళ్ళలేకపోతే

డ్యూటీలో ఉన్న నర్సులకి, బస్సు డ్రైవర్లకి, పోలీసులకి, దూరదేశాల్లో ఉన్నవాళ్ళకి పండగ మామూలు పనిరోజే. న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళకి ఒక వీలుంది. మన ఊళ్ళో భోగి ఉదయం 6 గంటలంటే అక్కడ ముందురోజు రాత్రి 7:30. పని నుంచి వచ్చి వీడియో కాల్‌లో మంట చూడొచ్చు. కాల్ చేసినప్పుడు ఇంకో పని పెట్టుకోకండి, గిన్నెలు కడుగుతూ మాట్లాడితే మంట కనిపిస్తుందే గానీ మనసుకి పట్టదు. వారాంతంలో తెలుగు సంఘం వాళ్ళ సంబరాలకి వెళ్ళినా, ఇంట్లో ఒక్క వంటకం మాత్రం మీ చేత్తో చేసుకోండి. చక్కెర పొంగలైనా చాలు, నెయ్యిలో జీడిపప్పు వేగే వాసన వచ్చేదాకా పొయ్యి పక్కనే ఉండండి. ఊరు మీద బెంగ వస్తే రానివ్వండి, దాన్ని వెంటనే ఫోన్‌తో కప్పేయకండి.

తిరిగొచ్చాక

ఆఫీసు మొదలయ్యే ముందు కనీసం ఒక పూట ఇంట్లో ఉండేలా టికెట్ తీసుకోండి. రాత్రి బస్సు దిగి తెల్లారి నేరుగా లాగిన్ అయితే నాలుగు రోజులు చేసిందంతా ఒక్క గంటలో కొట్టుకుపోతుంది. పొద్దుటి ఐదు నిమిషాలు ఆపకండి, ధనుర్మాసం అయిపోయినంత మాత్రాన ఊపిరి ఆగిపోదు కదా. డబ్బాలో తెచ్చుకున్న అరిసెలూ సకినాలూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పరధ్యానంగా ఖాళీ చేసేయకుండా, సాయంత్రం టీతో రోజుకొకటి, తింటున్నామని తెలిసేలా తినండి.

ఆ వారంలోనే పండగ ముందు రాసిన పనుల కాగితం మళ్ళీ తీయండి. ఏది అనవసరంగా పెట్టుకున్నాం, ఎవరి మీద ఎక్కువ పడింది, ఏ పూట నిజంగా బావుంది అన్నది ఇంట్లో ఒక్కొక్కర్నీ అడిగి పక్కనే రాయండి. దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, ఫోన్‌లో నవంబరు రెండో వారానికి ఒక రిమైండర్ పెట్టుకోండి, టికెట్లు తీసే రోజునే ఆ కాగితం అందరి చేతిలో ఉండేలా.